మామిడికాయ పప్పు వద్దన్న పిల్ల

"ఆపుండ్రి! ఎవ్వలూ వంగొద్దు!"

గుమ్మంలోంచి వచ్చిన ఆ కేకకి పిల్లలందరూ వంగినవాళ్ళు వంగినట్టే ఆగిపోయారు. వాళ్ళకి వంగడం నేర్పుతున్న సాహిత్య అప్పటికే నడుము దాకా వంగి ఉంది. అలాగే తల తిప్పి చూసింది. ముందు ఎర్రమట్టి అంటిన చెప్పులు కనిపించాయి. ఆపైన మడిచిన ప్యాంటు, చెమటకు తడిసిన చొక్కా, అన్నిటికంటే పైన, కోపంగా ఉన్నా ఇంకోసారి చూడాలనిపించే ముఖం.

ఆ చివరి మాట ఆ రోజు అడిగితే సాహిత్య ఒప్పుకునేది కాదు. ఇప్పుడైతే అడగకుండానే చెబుతుంది.

"మీరెవరండీ?" అంది నడుము సరిచేసుకుంటూ.

"ఈ బడి సార్‌ని. వీరబాబు. మరి మీరు?"

"సాహిత్య. జపనీస్ టీచర్ని. మా నాన్నగారు మీకు ఫోన్ చేయలేదా?"

చేశారు. కాకపోతే ఇప్పలగుంపులో సిగ్నల్ దొరకాలంటే గుట్ట ఎక్కాలి. మణుగూరు దాటి, బొగ్గు లారీల దుమ్ము వెనకబడి, అడవి చిక్కబడే చోట ఉంటుంది ఆ ఊరు. ఇటు కోయ ఇళ్ళు, వాగు అవతల లంబాడీ తండా. రెండిటి పిల్లలకీ కలిపి ఒక చిన్న హాస్టలు బడి. దానికి రెండు గదులు కట్టించింది జపాన్‌లోని రిటైర్డు టీచర్ల సంఘం ఒకటి. ఆ సంఘం వాళ్ళు ఏప్రిల్‌లో బడి చూడ్డానికి వస్తున్నారని తెలిసిన దగ్గర్నుంచీ బడి కమిటీ చైర్మన్ వెంకటరామారావు గారి కాలు ఒకచోట నిలవడం లేదు. ఆయనది వేంసూరు. పెద్ద మామిడి తోట. కిందటేడే, అంటే రెండువేల ఆరులో, జపాన్ మన మామిడికి తలుపులు తీసిందని పేపర్లో చదివారు. తన తోట బంగినపల్లి విమానమెక్కి టోక్యోలో దిగినట్టు ఆయనకి అప్పటి నుంచీ కలలు. కూతురేమో హైదరాబాద్‌లో రెండేళ్ళు జపనీస్ నేర్చుకుంది. జూన్‌లో అక్కడే ఉద్యోగంలో చేరేదాకా ఇంట్లో ఖాళీగా కూర్చుని ఉంది. ఇంకేం, జీపులో తెచ్చి బళ్ళో దింపేశారు.

"జపాన్ భాష చెప్పుండ్రి, నేను వద్దంటలేను" అన్నాడు వీరబాబు. "గని మా పిల్లలను వంగమంటరేంది? ఫారెస్టోళ్ళకు వంగి, సేట్లకు వంగి మా తాతల నడుములు పోయినయి. ఈళ్ళు ఎవ్వలకూ వంగరు."

సాహిత్యకి చుర్రుమంది. ఆ వెంటనే, ఆ మాటలో నిజముందని కూడా అనిపించింది.

"ఇది అలాంటి వంగడం కాదండీ. వాళ్ళ దేశంలో ఒక్కరే వంగరు, ఇద్దరూ వంగుతారు. మాట కూడా అంతే. ఎదుటివాళ్ళని ఒక మెట్టు పైన పెట్టి, తను ఒక మెట్టు కింద ఉన్నట్టు మాట్లాడతారు. అవతలివాళ్ళూ అలాగే మాట్లాడతారు. చివరికి ఎవరూ కింద ఉండరు."

"ఇద్దరు వంగుతరా?"

"ఇద్దరూ."

"అయితే ముందు మీరు వంగుండ్రి, చూస్త."

పంతానికి పోతే సాహిత్య ఎవరికీ తీసిపోదు. చేతులు పక్కన పెట్టుకుని, వీపు నిటారుగా, చక్కగా వంగింది. పిల్లలందరి కళ్ళూ సార్ మీదికి తిరిగాయి.

"సార్, మీ వంతు!" అని అరిచింది ముందు వరసలో శ్రావణి. నోరు ఊరుకోని పిల్ల.

తప్పదు కదా. వీరబాబు కూడా వంగాడు. ఎంత దూరంలో నిలబడి వంగాలో అతనికి ఎవరూ చెప్పలేదు. ఇద్దరి తలలూ ఠంగుమన్నాయి.

"అమ్మా!"

"అయ్యో, తాకిందా మేడం?"

"కొమ్ములు! కొమ్ములు!" అని గది గదంతా గొల్లుమంది. "ఒక్కపాలి గుద్దుకుంటే కొమ్ములొస్తయి టీచర్! ఇంకోపాలి గుద్దుకోవాలె!"

"అవ్ సార్, జల్దీ! లేకుంటే వచ్చేస్తయి!"

"వస్తే రానీండి" అంది సాహిత్య నుదురు రుద్దుకుంటూ. "మీ సార్‌కి ఎలాగూ ఉన్నట్టే ఉన్నాయి."

"నాకొస్తే మంచిదే" అన్నాడు వీరబాబు. "అడవి జంతువని ఫారెస్టోళ్ళు నా జోలికి రారు."

నవ్వకూడదని సాహిత్య పెదవి బిగబట్టింది. కానీ నవ్వు కళ్ళలోంచి బయటపడింది. అతను చూశాడు కూడా.

మర్నాటి నుంచి క్లాసు జరిగినంతసేపూ వీరబాబు వెనక బెంచీలో కూర్చునేవాడు. తెలుగు సరిగ్గా రాని చిన్నపిల్లలకి ఆమె మాటల్ని కోయలో చెప్పడం అతని పని. ఆ పని లేనప్పుడు కూడా కూర్చునేవాడు. అదెందుకో పిల్లలకి తెలుసు, అతనికే తెలియదు.

"బయటికి వెళ్ళేటప్పుడు 'ఇత్తెకిమాస్' అంటారు" అని చెప్పిందొకనాడు సాహిత్య. "వెళ్ళి వస్తాను అని. ఉత్తినే వెళ్తున్నాను అనరు. ఇంట్లోవాళ్ళు 'ఇత్తెరష్షాయ్' అంటారు. అంటే, వెళ్ళి రా."

"గందులేముంది టీచర్" అంది శ్రావణి. "మేము గూడ పోతన్న అనం. పోయొస్త అంటం. పోతన్న అంటే మళ్ళ రానట్టు."

"మరి తిరిగి వచ్చినవాళ్ళతో మనమేమంటాం?"

పిల్లలు ఆలోచించారు. "అన్నం తిన్నవా అంటం" అన్నాడు తండా పిల్లాడు లాలు.

"వాళ్ళు 'ఒకయెరి' అంటారు. వచ్చావా, మంచిది, అని."

ఇంకోనాడు, జపాన్ వాళ్ళు ఎదుటివాళ్ళ ముఖం మీద కాదు అనరని చెప్పింది. "చొత్తో… అంటారు. కొంచెం… అని. అక్కడితో ఆపేస్తారు. మనసు నొప్పించకుండా వద్దని చెప్పడమన్నమాట."

"మా మామ గూడ గంతే" అంది శ్రావణి. "తిరునాళ్ళకు తీస్కపో అంటే 'చూద్దాం' అంటడు. తీస్కపోడు."

వెనక బెంచీలోంచి నవ్వు వినిపించింది. సాహిత్య అటు చూసింది. అతను చటుక్కున పుస్తకంలో తల దూర్చాడు. ఆ పుస్తకం తలకిందులుగా ఉంది.

మార్చి నెల మధ్యలో ఒక మధ్యాహ్నం ఆకాశం ఉన్నట్టుండి నల్లబడింది. గాలివాన! వరండా రేకుల మీద వడగళ్ళు టపటపలాడాయి. పిల్లలు గదుల్లో, వీళ్ళిద్దరూ వరండాలో చిక్కుపడ్డారు. జల్లు లోపలికి కొట్టినప్పుడల్లా ఇద్దరూ చెరో అడుగు వెనక్కి వేసి, చివరికి గోడకి ఆనుకున్నారు.

"జపాన్ల వానకు శాన పేర్లుంటయట గదా?" అన్నాడు వీరబాబు.

"చాలా ఉంటాయి. వసంతంలో కురిస్తే ఒక పేరు, సాయంత్రం కురిస్తే ఒక పేరు. మరి ఇక్కడ?"

"ఇక్కడ ఒకటే పేరు. వచ్చింది అంటం."

సాహిత్య పకపకా నవ్వింది. ఆ నవ్వుకి వీరబాబు, జల్లు ముఖాన కొడుతున్నా తుడుచుకోవడం మరిచిపోయాడు.

వాన వెలిసింది. బడి వెనక మామిడిచెట్టు కింద నేలంతా కాయలే. తోటలో పుట్టిన పిల్ల కదా, సాహిత్యకి కాళ్ళు నిలవలేదు. పరుగెత్తి వెళ్ళి చున్నీ నిండా ఏరుకొచ్చింది. తనతో పాటు పిల్లలెవరూ పరుగెత్తలేదేమిటని ఆ సంతోషంలో ఆమెకి తట్టలేదు. ముక్కలు కోసి, ఉప్పూకారం అద్ది, విస్తరాకుల్లో పెట్టి పిల్లలందరి ముందూ పరిచింది.

"ఇవాళ్టి మాట ఇతదకిమాస్! జపాన్‌లో ఇది అనకుండా ముద్ద నోట్లో పెట్టుకోరు. అందరూ చెప్పి, తినండి!"

"ఇతదకిమాస్!" అని బడి పైకప్పు ఎగిరిపోయేలా అరిచారు పిల్లలు.

అరిచి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఒక్కరూ తినలేదు. ముక్కల వైపే చూస్తూ గుటకలు వేస్తున్నారు కానీ ముట్టుకోవడం లేదు.

"పుల్లగా ఉంటాయనా? తినండర్రా!"

తలలు వంగిపోయాయి. శ్రావణి నోరు కూడా మూతబడింది. అప్పుడే లోపలికి వచ్చిన వీరబాబు ఆకుల వంకా, పిల్లల వంకా చూసి, ఒక్కో ఆకూ తీసి బుట్టలో పడేయడం మొదలుపెట్టాడు.

సాహిత్య ముఖం ఎర్రబడింది. "ఏం చేస్తున్నారు?"

"ఈళ్ళు తినరు మేడం."

"ఎందుకు తినరు?"

"తినరు. అంతే."

"నేను పెట్టాననా? చైర్మన్ గారమ్మాయి పెట్టిందనా? తినొద్దని మీరే చెప్పారా?"

అతను మిగిలిన ఆకులు కూడా ఏరాడు. బుట్ట తీసుకుని వెళ్ళిపోయాడు. సాహిత్యకి ఏడుపొచ్చింది. ఊరికే కాదు, అతని మీద అంత కోపం వచ్చినందుకు వచ్చింది. అంత కోపం ఎవరి మీద పడితే వాళ్ళ మీద రాదు కదా.

వరండా మెట్ల మీద ఆమె ముక్కు తుడుచుకుంటూ ఉంటే లాలు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"కొత్తల పండుగ కాలే టీచర్. పండుగ అయ్యేదాక కోయ పిల్లలు కొత్త మామిడి ముట్టరు."

"మరి నువ్వు? మీ తండాలో ఆ పండుగ లేదుగా. నువ్వెందుకు తినలేదు?"

లాలు ఆమె వంక వింతగా చూశాడు. "ఒక్కన్ని తింటే ఏం రుచి టీచర్?"

సాహిత్య లేచి, వాగు ఒడ్డున కూర్చున్న వీరబాబు దగ్గరికి నేరుగా వెళ్ళింది.

"నాకు తెలియదు" అంది. "తెలియక చేశాను. మీరు ఒక్క మాట చెబితే నేను అంతలేసి మాటలు అనేదాన్ని కాదు."

వీరబాబు చేతిలోని పుల్ల నీళ్ళలోకి విసిరాడు.

"చెప్తే నవ్వుతరు మేడం. నా చిన్నప్పుడు హాస్టల్ల ఒక సార్ ఉండె. గిదంతా మూఢనమ్మకమని, అందరి ముంగట నా నోట్ల మామిడి ముక్క పెట్టిండు. పిల్లలు నవ్విన్రు. మా అయ్య జంపయ్య ఊరి పూజారి. తొలి కాయ ఆయన చేత్తోటి అమ్మవారికి, పోయిన పెద్దలకు పెట్టినంకనే ఊరు తింటది. ఆ ఏడు ఇంటికి పోయి మా అయ్య మొకం చూడలేకపోయిన. అప్పటిసంది ఈ ముచ్చట ఎవ్వలకూ చెప్ప."

సాహిత్య చెప్పులు విప్పేసింది. మెల్లగా అతని పక్కన కూర్చుంది.

"ఇతదకిమాస్ అంటే ఏమిటో తెలుసా? మనం ప్రసాదం కళ్ళకద్దుకుంటామే, అలా పూర్వం వాళ్ళు ఇచ్చినదాన్ని తల మీదికెత్తి పట్టుకుని తీసుకునేవాళ్ళట. ఆ మాట అందులోంచి వచ్చింది. ఇచ్చిన చెట్టుకీ, వండిన చేతికీ, మన కోసం పోయిన ప్రాణానికీ తల వంచి తీసుకుంటున్నానని. రెండేళ్ళు ఫీజు కట్టి నేను ఆ మాట నేర్చుకున్నాను. మీ పిల్లలు మాట రాకముందే అలా బతుకుతున్నారు. నేను నవ్వను వీరబాబు గారూ. నాకు నేర్పండి."

వీరబాబు ఆమె వంక తిరిగాడు. చాలా ఏళ్ళుగా లోపల బిగబట్టుకున్నదేదో వదులైనట్టు అతని ముఖం తేటపడింది.

"పండుగకు ఉంటరా?" అన్నాడు.

"ఉంటాను" అంది. ఇంకొకటి కూడా అనుకుంది కానీ పైకి చెప్పలేదు. పండుగయ్యేదాకా తను కూడా మామిడి ముట్టకూడదని. ఒక్కతే తింటే ఏం రుచి!

ఏప్రిల్‌లో జపాన్ అతిథులు వచ్చారు. వాళ్ళతో పాటే వెంకటరామారావు గారు, తొలిగా పండిన బంగినపల్లి బుట్టలతో జీపు దిగారు. కొత్త చొక్కా, ముఖం నిండా పెళ్ళికళ.

"నాన్నా, పిల్లలకి మాత్రం పెట్టకండి" అంది సాహిత్య ఆయన్ని పక్కకి పిలిచి, సంగతంతా చెప్పి.

"అమ్మడూ, ఒక్క ముక్కేనమ్మా! పిల్లలూ వాళ్ళూ కలిసి తింటుంటే ఒక్క ఫోటో. దాంతో మన కాయ టోక్యో వెళ్ళిపోతుంది. దేవుళ్ళేమీ అనుకోరులే."

పళ్ళేలు పిల్లల ముందుకి వచ్చేశాయి. పిల్లలు చక్కగా వంగారు, అతిథులు ఇంకా చక్కగా వంగారు. అందరూ ఇతదకిమాస్ అన్నారు. ఫోటో తీసేవాడు కన్ను మూసి సిద్ధమయ్యాడు. పిల్లలు బెదురుగా సార్ వంక చూశారు. సార్ టీచర్ వంక చూశాడు. నాన్న కల ఒకవైపు, హాస్టల్లో ఒకనాడు తలవంచుకున్న ఒక పిల్లాడు ఇంకోవైపు. సాహిత్య నాన్న వంక ఒక్కసారి చూసింది. అయినా ముందుకొచ్చి, జపనీస్‌లో మాట్లాడింది.

ఇవి మా నాన్నగారి తోట పళ్ళు, వీటంత తీపి ఎక్కడా దొరకదు అంది. కానీ ఈ పిల్లలు ఇవాళ తినరు, కొత్త పంట తమ దేవతకీ పెద్దలకీ పెట్టకముందు వాళ్ళు ముట్టరు, మీరు ఇప్పుడు చెప్పిన మాటని వాళ్ళు ఇలా పాటిస్తారు అంది.

అతిథుల్లో పెద్దావిడ మోరితా గారు నోటి దాకా తీసుకెళ్ళిన ముక్కని మెల్లగా పళ్ళెంలో పెట్టేశారు. పిల్లల వైపు తిరిగి నడుము దాకా వంగారు. ఆమె వెనక మిగతా అందరూ కూడా. పళ్ళేలన్నీ నిండుగా అలాగే ఉండిపోయాయి.

పిల్లల ముఖాలు వెలిగిపోయాయి. వెంకటరామారావు గారి ముఖం మాత్రం మాడిపోయింది. విమానం ఎక్కాల్సిన మామిడి, మళ్ళీ జీపెక్కింది.

"సామాను సర్దుకో" అన్నారాయన అతిథులు వెళ్ళాక. "వచ్చిన పని అయిపోయింది. ఇంక నీకు ఇక్కడ పనేమీ లేదు."

జీపు కదులుతుంటే పిల్లలు "ఇత్తెరష్షాయ్!" అని వెంటపడి అరిచారు. వీరబాబు మాత్రం అరవలేదు. పోయి రండి అనాలంటే, తిరిగి వస్తారన్న నమ్మకం ఉండాలి కదా. అతను గేటు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. సాహిత్య జీపు మలుపు తిరిగేదాకా అతన్నే చూసింది.

మామిడి తోట ఉన్న ఇంట్లో, మామిడి కాలంలో, మామిడి ముట్టకుండా బతకడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుస్తుంది. పొద్దున పచ్చడి, మధ్యాహ్నం పప్పు, సాయంత్రం ముక్కలు. వాసనకే సాహిత్య నోట్లో నీళ్ళూరేవి. మజ్జిగన్నం తిని లేచిపోయేది. తండ్రి ఆమెతో మాట్లాడటం మానేశారు. బడి ఊసెత్తితే టీవీ సౌండు పెంచేవారు. తను అక్కడికి మళ్ళీ వెళ్ళగలదా, లేక జూన్‌లో ఇటునుంచి ఇటే హైదరాబాద్ బస్సెక్కడమేనా అని ఆమెకి దిగులు.

అలాంటి ఒక మధ్యాహ్నం గేటు చప్పుడైంది. ఇస్త్రీ చొక్కా, చేతిలో తేనె సీసా. వీరబాబు!

"నమస్తే సారూ" అన్నాడు వెంకటరామారావు గారితో. "వచ్చే ఆదివారం మా కొత్తల పండుగ. మీరంతా రావాలని మా అయ్య చెప్పి పంపిండు. ఆనాడు మా పిల్లల కోసం మీకు తలవంపులైంది. గది మా మనసుల ఉన్నది."

ఇంటికొచ్చిన మనిషిని ఎండలో నిలబెట్టే ఇల్లు కాదది. "ముందు భోజనానికి లే" అన్నారాయన ముభావంగా.

సాహిత్య కూడా పళ్ళెం ముందు కూర్చుంది. వాళ్ళమ్మ నిర్మలాదేవి వడ్డిస్తోంది. "మామిడికాయ పప్పు వేసుకో బాబూ, మన తోట కాయే."

వీరబాబు పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దమ్మా. ఇంక పండుగ కాలేదు."

"సరేలే నాయనా, నీకు చారు పోస్తాను. నువ్వైనా వేసుకోవే సాహితీ… అయ్యో, నువ్వూ తినవు కదూ. ఉగాది ముందు నుంచీ…"

గరిటె గాల్లో ఆగిపోయింది. నిర్మలాదేవి అతని చేతి వంక చూసింది. కూతురి చేతి వంక చూసింది. రెండు పళ్ళేల మీదా రెండు చేతులూ ఒకేలా అడ్డంగా ఉన్నాయి.

"ఉగాది ముందు నుంచీ ఏమిటి?" అన్నారు వెంకటరామారావు గారు.

"ఉగాదికి ఇంటికొచ్చినప్పుడు పచ్చడి నాలిక్కి రాసుకోలేదండీ. పప్పు ముట్టలేదు. చివరికి ఆవకాయ జాడీ తీస్తే లేచి వెళ్ళిపోతుంది. కడుపులో బాగోలేదేమో అనుకున్నాను."

సాహిత్య తల అన్నంలోకి దిగిపోయింది. చెవులు ఎర్రగా కందిపోయాయి. వీరబాబు ఆమెనే చూస్తున్నాడు. ఎదురుగా పెద్దాయన ఉన్నాడన్న సంగతి అతనికి గుర్తు లేదు.

"ఆవకాయ గూడ తినలేదా మేడం?" అన్నాడు మెల్లగా.

తల అడ్డంగా ఊపింది.

"అది పోయినేడు కాయ గదా! పాత కాయకు ఏ పట్టింపు లేదు. కొత్త కాయే తినొద్దు."

సాహిత్య తలెత్తింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఈ మాట ముందే చెప్పొచ్చు కదా! ఎన్నాళ్ళు మజ్జిగన్నం తిన్నానో తెలుసా!"

"మీరు ఆగుతున్నరని నాకేం ఎరుక? ఎందుకు ఆగిన్రు?"

"ఒక్కదాన్నే తినబుద్ధి కాలేదు" అంది. అనేశాక నాలుక కరుచుకుంది. కానీ మాట అప్పటికే పెదవి దాటిపోయింది. అమ్మా నాన్నా, గోడ మీది గడియారంతో సహా అందరూ విన్నారు.

వీరబాబు ముఖంలో వచ్చిన వెలుగు చూసి నిర్మలాదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. వెంకటరామారావు గారు చెయ్యి కడుక్కుని లేచారు. గుమ్మం దాటుతూ, వెనక్కి తిరక్కుండానే అన్నారు.

"పండుగ సంగతి చూద్దాం."

చూద్దాం! సాహిత్యకి శ్రావణి మామ గుర్తొచ్చాడు. వీరబాబు ఆమె వంక చూసి, "చొత్తో…" అన్నాడు చిన్నగా, నవ్వడానికి ప్రయత్నిస్తూ. అతనికి నవ్వు రాలేదు. ఆమెకి అసలే రాలేదు.

ఆదివారం తెల్లవారగానే జీపు హారన్ మోగింది. సాహిత్య కిటికీలోంచి తొంగి చూస్తే తండ్రి స్టీరింగ్ ముందు కూర్చుని ఉన్నారు. అమ్మ పక్క సీట్లో పట్టుచీర సర్దుకుంటోంది.

"వస్తావా, ఉంటావా?" అని అరిచారాయన. ఇన్నాళ్ళ తర్వాత కూతురితో ఆయన మాట్లాడిన మొదటి మాట అది.

దారంతా ఆయన రోడ్డు మీదే కళ్ళు పెట్టి నడిపారు. మణుగూరు దాటాక మాత్రం గొంతు సవరించుకున్నారు. "చిన్నప్పుడు మా నాన్న కోపమొచ్చి నన్ను కొడితే, నేను అన్నం మానేసేవాణ్ణి. ఒక పూట. అంతకు మించి నావల్ల కాలేదు." గేరు మార్చి, "నువ్వు ఆవకాయ మానేశావు" అన్నారు. ఆ గొంతులో కోపం ఎక్కడా లేదు.

ఇప్పలగుంపు డోళ్ళ మోతతో దద్దరిల్లుతోంది. జీపు చూడగానే పిల్లలు "ఒకయెరి! ఒకయెరి టీచర్!" అంటూ చుట్టుముట్టారు. లాలు మాత్రం, "అన్నం తిన్నవా టీచర్?" అన్నాడు.

డోళ్ళు వాయిస్తున్న మగవాళ్ళ తలల మీద అడవిదున్న కొమ్ముల తలపాగాలు, వాటికి నెమలి ఈకలు. వాళ్ళలో ఒకడు ఆట తప్పి, అడుగు తడబడి, ఆమెనే చూస్తూ నిలబడిపోయాడు. వీరబాబు.

"చూసినవా టీచర్!" అని కేకేసింది శ్రావణి. "ఇంకోపాలి గుద్దుకోమంటే వినకపోతిరి. సార్‌కు వచ్చేసినయి కొమ్ములు!"

చెట్టు కింద అమ్మవారి ముందు జంపయ్య తొలి కాయ కోశాడు. తెల్లటి తలపాగా, గట్టి చేతులు. అమ్మవారికి పెట్టాడు, పోయిన పెద్దల్ని ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి పెట్టాడు. తర్వాత ఊరందరికీ పంచడం మొదలైంది. సాహిత్య తన ముక్కని రెండు చేతులా తల మీదికెత్తి, "ఇతదకిమాస్" అంది. నోట్లో పెట్టుకోగానే పులుపుకి ఒక కన్ను మూతబడింది, ఆనందానికి రెండోది తడిసింది. ఎదురుగా వీరబాబు కూడా తింటున్నాడు. ఇన్నాళ్ళూ ఇద్దరూ ఎదురుచూసిన రుచి.

ముక్కలున్న ఆకు వెంకటరామారావు గారి దగ్గరికి వచ్చింది. ఆయన చెయ్యి చాపబోయి, వెనక్కి తీసుకున్నారు.

"నేను తీసుకోకూడదేమో పెద్దాయనా. ఉగాదికి ముందు నుంచే తింటున్నాను."

"ఎరుక లేక తిన్నరు, తప్పేముంది సారూ" అన్నాడు జంపయ్య, ముక్క ఆయన చేతిలో పెడుతూ. "వచ్చే ఏడు ఆగుండ్రి."

"వచ్చే ఏడా?" అన్నారు వెంకటరామారావు గారు. కూతుర్ని చూశారు. కొమ్ముల తలపాగాతో బిక్కముఖం వేసుకుని నిలబడ్డ కుర్రాణ్ణి చూశారు. ముక్కని కళ్ళకద్దుకున్నారు. "ఈ పిల్లని మీ ఇంటికిచ్చాక ఆగక చస్తానా!"

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక డోళ్ళు మళ్ళీ అందుకున్నాయి. నిర్మలాదేవి ఏడుస్తూ నవ్వింది. జంపయ్య వచ్చి ఆయన చేతులు పట్టుకుని, "మా ఇంటి దీపమైతది సారూ" అన్నాడు.

ఆ గోలలో వీరబాబు ఆమె దగ్గరికి వచ్చాడు. ముఖమంతా చెమట, నవ్వు.

"జూన్‌ల హైదరాబాద్ పోతరా?"

"పోను" అంది సాహిత్య. "పోయొస్తాను."

ఆ రోజు గేటు దగ్గర గొంతులో ఆగిపోయిన మాట ఇప్పుడు పలికాడతను. "ఇత్తెరష్షాయ్."

"సార్, కొమ్ములు!" అని వెనక నుంచి శ్రావణి గుర్తుచేసింది.

వీరబాబు తలపాగా తీసి లాలు నెత్తిన పెట్టాడు. సాహిత్య చేతులు పక్కన పెట్టుకుని, వీపు నిటారుగా, చక్కగా వంగింది. ఎంత దూరంలో నిలబడి వంగాలో ఈసారి అతనికి బాగా తెలుసు. అందుకే ఇంకో అడుగు దగ్గరికి జరిగి వంగాడు.